ఎర్ర సిరా పెత్తనం

(ఒడిశాలోని పర్లాకిమిడిలో జరిగిన తెలుగు అధ్యాపకుల, పరిశోధక విద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చిన మిత్రులకు నమస్కారం.

ఆహ్వానపత్రంలో నా ప్రసంగం పేరు ‘ఉన్నత విద్యలో మానవ సంబంధాలు’ అని ఉంది. నేను పంపిన పేరు అది కాదు. ‘కళాశాలల్లో సాటి ఉద్యోగుల వేధింపులు’ అని పంపాను. ఎందుకు మార్చారని కార్యదర్శిగారిని అడిగితే, “అమ్మా, ఆ పేరు వేస్తే ఏ ప్రిన్సిపాలూ మనవాళ్ళకు ఆన్ డ్యూటీ ఇవ్వడు. మానవ సంబంధాలంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు” అన్నారు. ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఒక విషయం మాట్లాడుకోవడానికి రావాలన్నా కాగితం మీద ఎవరో సంతకం పెట్టాలి. ఆ సంతకం దొరకదేమోనని విషయం పేరే మార్చుకున్నాం. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఆ సంతకం గురించే.

వేధింపు అనగానే అరుపులు, బల్ల గుద్దడాలు, నలుగురిలో నిలబెట్టి తిట్టడాలు గుర్తుకొస్తాయి. అవీ ఉన్నాయి, లేవనను. కానీ కళాశాలలో అరిచే మనిషి అంత ప్రమాదకారి కాడు. అరిస్తే పదిమంది వింటారు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మనం చదువుకున్నవాళ్ళం కదా, మన పద్ధతి వేరు. మన దగ్గర వేధింపు కాగితం మీద నడుస్తుంది, అదీ నియమాల ప్రకారం నడుస్తుంది. సెలవు చీటీ బల్ల మీదే ఉండిపోతుంది. ఇంక్రిమెంటు ఫైలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళడానికి వర్షాకాలం దాటుతుంది. ప్రయోగశాల తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనరు. వెళ్ళి అడిగితే, “నాదేముందండీ, అంతా రూలు ప్రకారమే” అంటారు.

రొటీన్ సంగతే తీసుకోండి. ఇచ్ఛాపురం అవతలి నుంచి వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను, ఒడిశా కళాశాలల్లో టైంటేబుల్‌ను రొటీన్ అంటారు. నాకు బాగా తెలిసిన ఒక అమ్మాయి ఉంది. పేరు, కళాశాల, సబ్జెక్టు చెప్పను. గెస్టు అధ్యాపకురాలు. ఆంధ్రా వైపు నుంచి రోజూ రైలెక్కి వచ్చేది. ఒక సమావేశంలో, తాను వేసిన ప్రాక్టికల్ మార్కులు జాబితాలో మరోలా ఎందుకున్నాయని అడిగింది. గొంతు పెంచలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు. “చూస్తాం” అన్నారు. తరువాతి నెల రొటీన్ మారింది. అంతకుముందు వరుసగా ఉన్న ఆమె పాఠాల్లో ఒకటి ఉదయం 10 గంటలకు వెళ్ళింది, రెండోది సాయంత్రం 4 గంటలకు వెళ్ళింది. మధ్యలో ఏమీ లేదు.

గెస్టు అధ్యాపకులకు పాఠానికి ఇంతని లెక్కకట్టి ఇస్తారు. కూర్చున్న గంటలకు డబ్బు రాదు. 2019 జనవరిలో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అంటే యు.జి.సి., పాఠానికి 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వాలని చెప్పింది. ఆ అంకె మన జిల్లాల్లో ఎంతమంది చేతికి వస్తోందో ఈ సభలో చేతులెత్తమంటే తేలిపోతుంది. ఎత్తమనను. ఆ అమ్మాయికైతే అందులో సగం కూడా రాలేదు. సరే, మధ్యలో ఖాళీ ఉంది, స్టాఫ్ రూములో కూర్చుందామనుకుంది. అక్కడ కుర్చీలు రెగ్యులర్ వాళ్ళకు సరిపడానే ఉన్నాయని వారం తరువాత నోటీసు అతికించారు. లైబ్రరీలో కూర్చుంటే, “మేడం, ఇది విద్యార్థుల రీడింగ్ రూము” అని లైబ్రరీ అటెండరు చెప్పాడు. పాపం అతను చెప్పమంటే చెప్పాడు. నాలుగింటి పాఠం చెప్పి స్టేషనుకు పరుగెత్తితే ఒక్కోరోజు రైలు అందేది, ఒక్కోరోజు అందేది కాదు. ఇదంతా రొటీన్ కమిటీ నిర్ణయం. ముగ్గురు సభ్యుల సంతకాలున్నాయి. దీన్ని ఏమని ఫిర్యాదు చేస్తారు? “నాకు పదింటికీ నాలుగింటికీ పాఠాలు వేశారు” అని రాస్తే చదివినవాడు నవ్వుతాడు.

ఆ నవ్వే వేధించేవాళ్ళకు రక్షణ. విడిగా చూస్తే ప్రతి పనీ చిన్నదే. పైకి చెప్పుకుంటే మనమే చిన్నబోయేంత చిన్నది.

ఇంకో ఉదాహరణ ఇస్తాను, ఇది పరిశోధక విద్యార్థులది. వెనక వరుసల్లో మీలో చాలామంది తల ఊపుతారని తెలుసు. అధ్యాయం రాసి గైడుకు ఇచ్చాం. కొన్ని వారాలకు తిరిగి వచ్చింది. లోపల ఒక్క గీత లేదు, పేజీ మడత కూడా పడలేదు. మొదటి పేజీ పైన కుడిమూల ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట: డిస్కస్. అంటే వచ్చి మాట్లాడమని. వెళ్తే ఆయన మీటింగులో ఉంటారు. మళ్ళీ వెళ్తే వాల్యుయేషన్‌కు వెళ్ళారు. మూడోసారి వెళ్తే, “అలా నీడలా వెంటపడకు, పిలుస్తాను” అంటారు. పిలవరు. సెమిస్టరు గడుస్తుంది. అధ్యాయాన్ని తిరస్కరించలేదు కాబట్టి ఎవరికీ మొరపెట్టుకోలేరు. ఆమోదించలేదు కాబట్టి ముందుకు వెళ్ళలేరు. ఇటు గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. 2022 నాటి యు.జి.సి. నియమాల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠ గడువు 6 ఏళ్ళు, మళ్ళీ నమోదు చేసుకుంటే ఇంకో 2 ఏళ్ళు. మహిళలకు, వికలాంగులకు దాని మీద మరో 2 ఏళ్ళ సడలింపు ఉంది. జె.ఆర్.ఎఫ్., అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చినవాళ్ళకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. అది పడాలంటే ఈ విద్యార్థి పనిచేస్తున్నాడని విశ్వవిద్యాలయం నెలనెలా ధ్రువీకరించాలి. అంటే మనిషి తిండి, అద్దె, ఇంటికి పంపే డబ్బు అన్నీ ఒకరి కలం కొన మీద ఉన్నాయి. ఆ కలం పట్టుకున్నాయన మంచివాడైతే దేవుడు, కాకపోతే మీకు తెలుసు.

ఈ విషయాన్ని మొదట శాస్త్రంగా పరిశీలించినవారిలో హైంజ్ లేమన్ ముఖ్యుడు. జర్మనీలో పుట్టి స్వీడన్‌లో స్థిరపడిన మనస్తత్వవేత్త. 1980లలో అక్కడి కార్మికులను, ఉద్యోగులను ఏళ్ళ తరబడి కలిసి, పనిచేసే చోట మనుషులను ఎలా నలిపేస్తారో 45 రకాల చేష్టలుగా జాబితా రాశాడు. మాట్లాడనివ్వకపోవడం, ఎదురుగా ఉన్నా లేనట్టు ప్రవర్తించడం, అర్థంలేని పని అప్పగించడం, అసలు పనే ఇవ్వకపోవడం, వెనక పుకార్లు పుట్టించడం, ఇలాంటివన్నీ. వాటిలో ఏదైనా కనీసం వారానికొకసారి, కనీసం ఆరు నెలలపాటు జరిగితే దాన్ని వేధింపుగా లెక్కించాలన్నాడు. 1993లో స్వీడన్ ప్రభుత్వం పనిచోట వేధింపుల మీద ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చిందంటే దాని వెనక ఈయన కృషి ఉంది.

ఆయన మీద గౌరవంతోనే ఒక మాట అంటాను. ‘వారానికొకసారి’ అన్న ఆ కొలత మన కళాశాలలకు సరిపోదు. ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో ఫోర్‌మన్ రోజూ ఎదురుపడతాడు. మన దగ్గర వేధింపు క్యాలెండరును పట్టి వస్తుంది. జూలైలో రొటీన్ వేసేటప్పుడు ఒకసారి, పూజ సెలవుల ముందు సెలవు చీటీ దగ్గర ఒకసారి, పరీక్షల డ్యూటీలప్పుడు ఒకసారి, మార్చిలో వార్షిక నివేదిక రాసేటప్పుడు ఇంకోసారి. ఏడాదికి నాలుగైదు దెబ్బలే, కానీ ప్రతిదీ సరిగ్గా ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది. మిగిలిన రోజుల్లో టీ ఇప్పిస్తారు, పిల్లల చదువు గురించి అడుగుతారు. అందుకే బాధపడే మనిషికే అనుమానం వస్తుంది, నేనే అతిగా ఆలోచిస్తున్నానేమో అని. ఆ అనుమానంలోనే రెండు మూడేళ్ళు పోతాయి.

ఇంతకన్నా చిన్న స్థాయిలో ఉండేది అమర్యాద. నమస్కారం పెడితే ఫోను చూసుకోవడం, ఒకామె గదిలోకి రాగానే మాట మార్చడం, డిపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఆమె పెట్టిన సందేశం కింద మాత్రమే ఎవరూ పలకకపోవడం, పదవీ విరమణ విందుకు అందరినీ పిలిచి ఒక్కరిని మరిచిపోవడం. 1999లో లిన్ ఆండర్సన్, క్రిస్టీన్ పియర్సన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు దీని మీద రాసిన వ్యాసానికి ఈ రంగంలో మంచి పేరుంది. అమర్యాదలో ఉద్దేశం స్పష్టంగా ఉండదని, కావాలని చేశారో మరిచిపోయి చేశారో తేల్చుకోలేమని వాళ్ళన్నారు. ఒకరు చిన్నగా గిల్లితే రెండోవాళ్ళు కాస్త గట్టిగా గిల్లుతారు, అలా పెరుగుతూ పోయి ఒకచోట అసలు గొడవగా పేలుతుందని కూడా చెప్పారు. మన స్టాఫ్ రూముల్లో పదేళ్ళ నుంచి మాటల్లేని జంటలున్నాయి. మొదలెక్కడ అని తవ్వితే ఏదో సెమినార్‌లో బొకే ఇవ్వలేదనో, కరపత్రంలో పేరు కింద వేశారనో తేలుతుంది.

ఇలాంటి గిల్లికజ్జాలన్నిటినీ వేధింపు అనకూడదు. ఈ మాట పదునుగా చెప్పుకోకపోతే మనకే నష్టం. అధ్యాపకుల మధ్య వాదం ఉండాలి, ఘాటుగా ఉండాలి. నీ సిద్ధాంతం తప్పు అని ముఖాన చెప్పలేని చోటు విశ్వవిద్యాలయం కాదు. దీనికి ఎక్కడికో పోనక్కర్లేదు, మనం కూర్చున్న ఊరే ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇక్కడికే ఉపాధ్యాయుడిగా వచ్చారు, జీవితంలో ఎక్కువ భాగం ఇక్కడే గడిపారు. ఈ కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. తరువాత వ్యావహారిక తెలుగు కోసం పండితులందరితో పోట్లాడారు. అవతల గ్రాంథిక భాష పక్షాన జయంతి రామయ్య పంతులుగారు, 1911లో వచ్చిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు. ఇరువైపులా ఎంత ఘాటుగా మాట్లాడుకున్నారో, ఎంత ఎద్దేవా చేసుకున్నారో ఆనాటి రాతలు చూస్తే తెలుస్తుంది. మర్యాదగా ఉందనలేం. అయినా దాన్ని నేను వేధింపు అనను. ఎందుకంటే ఇద్దరికీ పత్రిక ఉంది, వేదిక ఉంది, మనుషులున్నారు. ఒకరన్న మాటకు రెండోవారు వారం తిరక్కుండా అంతకు రెట్టింపు జవాబు చెప్పగలరు. గిడుగువారు పాత గ్రంథాల్లోంచి ప్రయోగాలు ఏరి తెచ్చి సభలో గంటల తరబడి చదివి వినిపించేవారు. ఎవరూ ఆయన జీతం ఫైలు ఆపి ఆయనను గెలవాలని చూడలేదు.

నా కొలత అదే. అవతలి మనిషి జవాబు చెప్పగలడా? చెబితే ఉద్యోగం, డిగ్రీ, అన్నం పోకుండా ఉంటాయా? ఉంటే అది వాదం, ఎంత కటువుగా ఉన్నా సరే. లేకపోతే ఎంత తీయగా మాట్లాడినా వేధింపే. సెమినార్‌లో “మీ గణాంకాలు తప్పు” అని ప్రొఫెసర్ మరో ప్రొఫెసర్‌తో అనడం వేరు. అదే ప్రొఫెసర్ రెండో ఏడాది పరిశోధక విద్యార్థితో నలుగురి ముందు “నిన్నెవరమ్మా తీసుకున్నది?” అనడం వేరు. రెండోదానికి ఆ పిల్ల దగ్గర ఏ జవాబూ లేదు.

ఇక్కడ మన సంగతి కూడా కాస్త మాట్లాడుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు గిడుగువారు ఇష్టపడక రాజమండ్రి వెళ్ళిపోయారు. మనవాళ్ళు చాలామంది ఉండిపోయారు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో మనం బయటివాళ్ళం కాము, తరతరాలుగా ఈ మట్టి మీదే ఉన్నాం. అయినా కళాశాలలో ఏదైనా పదవి దగ్గరికి వచ్చేసరికి, “మీరు ఆంధ్రావాళ్ళు కదా” అన్న మాట నవ్వుతూనే పడుతుంది. ఇంటిపేరు ముందు రాసుకుంటే ఆఫీసులో దాన్నే పేరనుకుని కాగితాలు తారుమారు చేస్తారు, సరిచేయమంటే నెలలు పడుతుంది. అది ఒక్కోసారి తెలియక జరిగేది, ఒక్కోసారి తెలిసే జరిగేది.

సరే, మరి మనం? నలుగురు తెలుగు అధ్యాపకులం టీ దగ్గర కూర్చున్నాం, ఐదో మనిషిగా ఒక ఒడియా సహోద్యోగి వచ్చి కూర్చుంది. మనం తెలుగు ఆపామా? ఆపలేదు. ఆమె టీ తాగి లేచి వెళ్ళిపోతుంది. మర్నాటి నుంచి రాదు. రొటీన్ కమిటీలో మనవాళ్ళు ఎక్కువున్న కళాశాలల్లో పదింటికీ నాలుగింటికీ పాఠాలు ఎవరికి పడుతున్నాయో కూడా చూసుకోవాలి. ఈ జిల్లాల్లో సవర, కంధ పిల్లలు అధ్యాపకులుగా ఇప్పుడిప్పుడే వస్తున్నారు. వాళ్ళ విషయంలో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు ఏకమైపోవడం నేను చూశాను. అప్పుడు మాత్రం భాష అడ్డురాదు!

(సభలో నవ్వులు)

నవ్వండి, కానీ అది ఉంది.

గుంపుగా చేసే వేధింపు గురించి కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కెనెత్ వెస్ట్‌హ్యూస్ అనే సమాజ శాస్త్రవేత్త ఎంతో పరిశోధన చేశాడు. ఆయన పరిశీలించింది ప్రత్యేకంగా ప్రొఫెసర్లనే. ముందు ఆ మనిషిని దూరం పెడతారు. తరువాత చిల్లర చికాకులు మొదలవుతాయి. ఆ తరువాత ఏదో ఒక సంఘటన దొరుకుతుంది, దాని మీద విచారణ, చివరకు ఆ మనిషి వెళ్ళిపోవడం. ఈ వరుసలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మొదటి మెట్టు. సంఘటన జరగకముందే తీర్పు అయిపోతుంది. సంఘటన కోసం ఎదురుచూస్తారు, అంతే. ఇది కింది ఉద్యోగికే జరుగుతుందనుకోవద్దు. కొత్తగా వచ్చిన మహిళా ప్రిన్సిపాల్‌కు అకౌంట్స్ బర్సర్, హెడ్ క్లర్క్, నలుగురు సీనియర్లు కలిసి ఒక్క ఫైలు కూడా కదలకుండా చేసిన కళాశాలలున్నాయి. కుర్చీ ఆమెది, తాళాలు వాళ్ళవి.

వేధించేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? చాలామంది వేధింపుల్లోంచే వస్తారు. తన గైడు ఇంటికి గ్యాస్ సిలిండర్ మోసిన కుర్రాడే ఇరవై ఏళ్ళ తరువాత గైడు అవుతాడు. “మేం పడలేదా? మాకేమైంది?” అంటాడు. అత్తా ఒకింటి కోడలే అంటాం గానీ, ఆ సంగతి అత్తకు గుర్తున్నా పనికిరాదు, దాన్నే అర్హతగా చెప్పుకుంటుంది. దీనికి తోడు పోస్టుల కొరత. ఖాళీలు ఏళ్ళ తరబడి భర్తీ కాక, ఒక డిపార్ట్‌మెంటులో ఇద్దరు రెగ్యులర్ వాళ్ళు, నలుగురు గెస్టులు ఉంటే, ఆ నలుగురి రెన్యువల్ ఆ ఇద్దరి చేతిలో ఉంటుంది. ప్రభుత్వం మొత్తంగా ఇంతని సాయమిచ్చే బ్లాక్ గ్రాంటు కళాశాలల్లో సగం జీవితం పోస్టు క్రమబద్ధం కావడానికే చాలదు. అంత భయం ఉన్న చోట ఎవరైనా నోరెత్తుతారా? మనిషి చెడ్డవాడా మంచివాడా అన్నది తరువాతి మాట. ఒక్క మనిషి కలం మీద ఇంతమంది బతుకు వేలాడే ఏర్పాటే తప్పు.

చట్టం ఏమంటుందని అడుగుతారు. సూటిగా చెబుతాను. మహిళల మీద లైంగిక వేధింపులకు 2013 చట్టం ఉంది. దానికి ముందు 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ‘విశాఖ’ తీర్పు ఉంది. ఉన్నత విద్యాసంస్థలకు యు.జి.సి. 2015 నిబంధనలున్నాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అందులో సగం మంది మహిళలు, బయటి నుంచి ఒక సభ్యులు ఉండాలి. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. విద్యార్థుల ర్యాగింగ్‌కు 2009 నిబంధనలున్నాయి. ఇవేవీ కాకుండా, ఒక అధ్యాపకుడు మరో అధ్యాపకుడిని రొటీన్‌తో, ఫైలుతో, మౌనంతో నలిపేస్తే? దానికంటూ మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. ఫ్రాన్స్‌లో 2002 నుంచి ఉంది. ఆస్ట్రేలియాలో 2014 నుంచి ఉద్యోగి నేరుగా వెళ్ళి ఆపు ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో 190వ ఒడంబడిక చేసింది, పనిచోట అన్ని రకాల హింసకూ వేధింపులకూ వర్తించేది. దాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు.

చట్టం ఉన్నచోట కూడా కమిటీ ఎలా పనిచేస్తుందన్నదే అసలు ప్రశ్న. 2025 జూలైలో బాలేశ్వర్‌లో ఒక కళాశాల విద్యార్థిని నిప్పంటించుకుని చనిపోయిన సంగతి ఒడిశాలో ఉన్న మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లైంగిక వేధింపుల మీద ఆ విద్యార్థిని ముందే ఫిర్యాదు ఇచ్చింది. కమిటీ ఉంది. కేసు న్యాయస్థానంలో ఉంది కాబట్టి నేను అంతకు మించి మాట్లాడను. ఆ తరువాత రాష్ట్రమంతటా కమిటీలు వేయమని, బోర్డులు పెట్టమని ఉత్తర్వులు వచ్చాయి. మీ కళాశాలలో బోర్డు పెట్టారా? మంచిది. ఆ బోర్డు మీద ఉన్న ఫోను నంబరుకు ఈరోజు సాయంత్రం ఒకసారి ఫోను చేసి చూడండి. ఎవరు ఎత్తుతారో, అసలు ఎత్తుతారో లేదో.

కోర్టుకు వెళ్ళవచ్చు కదా అంటారు. ఒడిశాలో ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు వివాదాలకు ఒకప్పుడు పరిపాలనా ట్రిబ్యునల్ ఉండేది, 2019లో దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు కటక్ హైకోర్టుకే పోవాలి. పాఠానికి ఇంతని బతికే మనిషి పర్లాకిమిడి నుంచి కటక్ వెళ్ళి, లాయరును పెట్టుకుని, వాయిదాలకు తిరగడమంటే, వేధించేవాడికి ఆ లెక్క బాగా తెలుసు.

మరైతే ఏం చేయాలి? కాగితంతో వచ్చినదాన్ని కాగితంతోనే ఎదుర్కోవాలి. ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, సమయం, ఎవరు, ఏ మాట, ఎవరున్నారు, అంతే రాయండి. “నన్ను అవమానించారు” అని రాయొద్దు, ఏమన్నారో ఆ మాటే రాయండి. మౌఖికంగా ఏదైనా చెబితే, ఆ సాయంత్రమే “ఈరోజు మీరు ఇలా చెప్పారు, అలాగే చేస్తున్నాను” అని ఈమెయిల్ పంపండి. మర్యాదగానే పంపండి. దరఖాస్తు ఏది ఇచ్చినా డైరీ నంబరు వేయించుకుని, స్టాంపు పడిన నకలు తెచ్చుకోండి. గుమాస్తా విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. రొటీన్ ప్రతి సెమిస్టరుదీ ఫోటో తీసి దాచండి. ఆ గెస్టు అమ్మాయి అంతకుముందు మూడు సెమిస్టర్ల రొటీన్లు పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు, అంతవరకు నవ్విన కమిటీ సభ్యుడే నోరు మూసుకున్నాడు. ఒక్క రొటీన్ చిన్న విషయం. నాలుగు కలిపి చూస్తే అందులో మనిషి చేయి కనబడుతుంది.

ఫైలు ఎక్కడ ఆగిందో తెలియకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఒడిశాలో తెల్లకాగితం మీద రాసిస్తే తీసుకోరు, ఫారం-ఎ మీదే ఇవ్వాలి. రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. “నా ఫైలు ఏయే తేదీన ఏ బల్ల మీదుంది, దాని మీద ఎవరేం రాశారు” అని అడగండి. ఎందుకు ఆపారని అడగొద్దు, ఎందుకు అన్నదానికి వాళ్ళు జవాబు చెప్పనక్కర్లేదు. తేదీలు అడగండి. నాకు తెలిసిన ఒకరి ఫైలు, ఈ దరఖాస్తు అందిన వారానికే పూర్తయి వచ్చింది, జవాబు మాత్రం ఆ తరువాత వచ్చింది.

చుట్టూ ఉన్నవాళ్ళ సంగతి మిగిలింది. ఎవరికో జరుగుతుంటే మనం టీ కప్పులోకి చూస్తూ కూర్చుంటాం. పోయి ఎదిరించమని నేను అడగను, అందరికీ పిల్లలున్నారు, లోన్లున్నాయి. ఒక చిన్న పని చేయండి. సమావేశం మినిట్స్ వచ్చినప్పుడు చదవండి. “ఫలానా ఆమె అడిగిన ప్రశ్న ఇందులో రాయలేదు, చేర్చండి” అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టండి. మన సంతకానికీ విలువ ఉంది. అది ఆపడానికే కాదు, పెట్టడానికి కూడా.

చీటీలు వచ్చాయి. రెండే చదువుతాను, భోజనానికి పిలుస్తున్నారు.

మొదటిది ఎవరో ప్రిన్సిపాల్‌గారిదే అయి ఉంటుంది, చేతిరాత దర్జాగా ఉంది. “పని చేయమంటే వేధింపు అంటున్నారు. వాళ్ళను ఏం చేయాలి?” అండీ, అలాంటివాళ్ళూ ఉన్నారు. పాఠాలకు రానివాడిని రమ్మనడం వేధింపు కాదు. అయితే రాతపూర్వకంగా రమ్మనండి, అందరికీ ఒకే నియమం పెట్టండి, మీ బావమరిదికి కూడా. అప్పుడు వాళ్ళు ఎక్కడ ఫిర్యాదు చేసినా నిలబడదు.

రెండోది పరిశోధక విద్యార్థిది. “గైడును మార్చమని అడిగితే డిపార్ట్‌మెంటులో ఇంకెవరూ తీసుకోరు. ఏం చేయాలి?” అమ్మా, బాబూ, ఎవరైనా సరే, ముందు గైడు మార్పు మాట ఎత్తకండి. ప్రతి సెమిస్టరూ పరిశోధన సలహా కమిటీ ముందు మీ ప్రగతి చెప్పాలని నియమం ఉంది. ఆ రోజు మీ నివేదికలోనే ‘రెండో అధ్యాయం ఫలానా తేదీన సమర్పించాను, సూచనల కోసం చూస్తున్నాను’ అని ఒక వరుస రాయండి. అది కమిటీ రికార్డులోకి ఎక్కుతుంది. రెండు సెమిస్టర్లు అదే వరుస కనబడితే, మార్పు కమిటీ నోటి నుంచే రావచ్చు. ఎవరూ ఖాళీ లేరన్న మాట మాత్రం వెంటనే నమ్మకండి. ప్రొఫెసర్‌కు 8 మంది, అసోసియేట్‌కు 6, అసిస్టెంట్‌కు 4, అంతకు మించి ఉండకూడదు. ఏ గైడు దగ్గర ఎవరున్నారో, ఏ తేదీన చేరారో విశ్వవిద్యాలయం తన వెబ్‌సైటులో పెట్టి ఏటా సవరించాలి. ఆ జాబితా తెరిచి లెక్కపెట్టండి. జాబితా లేకపోతే ఫారం-ఎ సంగతి చెప్పాను కదా, నా దగ్గర నాలుగైదు నకళ్ళున్నాయి, భోజనాల దగ్గర తీసుకోండి.